ఆటగదిలో తూనీగ

జూన్ 14
స్కూల్ నుంచి మళ్ళీ ఫోన్. తూనీగ పాఠం మధ్యలో కిటికీ ఎక్కిందట. క్లాస్ టీచర్ మర్యాదగానే చెప్పింది. మిగతా పిల్లల సంగతి కూడా చూడాలి కదండీ, హాఫ్ ఇయర్లీ దాకా చూస్తాం, ఆ తర్వాత వేరే స్కూల్ వెతుక్కోండి అంది.

ఈయన గూడ్స్ రైలు నడుపుతూ ఎక్కడో ఉన్నారు. పెళ్ళై ఏడాదైనా కాలేదు, నా కూతుర్ని నీ నెత్తిన పెట్టానని ఫోన్‌లో నొచ్చుకున్నారు. తూనీగకి ఏడేళ్ళు. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళు.

జూన్ 20
డాక్టర్ కుదురూ దృష్టీ నిలవని ఏడీహెచ్‌డీ అని తేల్చి, ప్లే థెరపీకి పంపింది. ఇసుక తొట్టి, బొమ్మలు, బ్లాకులు ఉన్న గది. తూనీగ అడుగు పెడుతూనే అన్నీ కుమ్మరించింది. సిగ్గుతో నాకు ప్రాణం చచ్చిపోయింది. థెరపిస్ట్ మాత్రం, అన్నీ ఒకేసారి చూడాలనుంది నీకు, అని ఊరుకుంది. తూనీగ ఆగి ఆవిడ మొహంలోకి చూసింది.

జూన్ 27
ఇవాళ నన్నూ ఆటలోకి రమ్మన్నారు. ప్రశ్నలు వద్దు, ఆర్డర్లు వద్దు, అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళాలి. ఇంట్లోనూ రోజూ కాసేపు ఇలాగే ఆడాలట. నా నోరు ఊరుకుంటుందా! జాగ్రత్త అనకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను.

జూలై 2
బ్లాకులు విసిరింది. అరిచాను. ఇద్దరం ఏడ్చాం.

జూలై 3
నాకు చేతకావట్లేదని థెరపిస్ట్‌కి ఫోన్ చేశాను. అరిచాక ఏం చేశారని అడిగింది. దాని పక్కనే కూర్చుని నేనూ ఏడ్చానన్నాను. లేచి వెళ్ళిపోలేదు కదా, ఇవాళ మళ్ళీ ఆడండి అంది.

జూలై 18, బస్సులో
తూనీగ నా భుజం మీద నిద్రపోయింది. ఇవాళ ఇసుకలో ఆసుపత్రి కట్టింది. మంచం మీద ఒక బొమ్మ, పక్కన స్టూలు మీద పాప బొమ్మ. ష్, కదలకు, కదిలితే అమ్మకి తగ్గదు, అని పాపకి చెప్పింది. కాసేపటికి, కదల్లేదు, అయినా తగ్గలేదు, అంది.

థెరపిస్ట్ నా వైపు చూసి తలూపింది. పాప ఎంత కష్టపడి కూర్చుందో, కానీ అమ్మది పెద్ద జబ్బు, పాప కదిలినా కదలకపోయినా తగ్గేది కాదు, అన్నాను. తూనీగ పాప బొమ్మని స్టూలు మీంచి తీసి పరుగెత్తించింది. గోడ మీద, కిటికీ మీద, నా తల మీద.

తూనీగ హుషారు పుట్టుకతో వచ్చిందే, దీనివల్ల కాదు, అంది థెరపిస్ట్. కాకపోతే కుదురుగా కూర్చోమన్నప్పుడల్లా దానికి ఆ స్టూలు గుర్తొస్తుందేమో అంది.

సాయంత్రం
ఈయనకి ఫోన్‌లో చెప్పాను. ఆసుపత్రిలో ఆ మాట అన్నది నేనే అన్నారు.

ఆగస్టు 5
ఈయన సెలవు పెట్టి వచ్చారు. ఇద్దరం టీచర్ని కలిశాం. వెనక వరసలో నిలబడి రాసుకోనివ్వండి, మధ్యమధ్యలో బోర్డు తుడవమనండి, అని ఈయనే అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు, కాదనలేదు. చూద్దాం అంది.

సెప్టెంబర్ 19
టీచరే ఫోన్ చేసింది. తూనీగ హాఫ్ ఇయర్లీ లెక్కల పేపర్ మొత్తం రాసిందట, నిలబడే. మధ్యలో తలుపు దాకా వెళ్ళి, తనంతట తనే తిరిగొచ్చిందట. వేరే స్కూల్ చూడక్కర్లేదు అంది.

వంటగదిలో గంతులేశాను. తూనీగ చూసి, కాస్త కుదురుగా ఉండు, పాలు పొంగుతున్నాయి, అంది.

సెప్టెంబర్ 21
ఇవాళ నేను గుర్రాన్ని. గుర్రాలు డైరీ రాయవట.