తెర పక్కన నీ చోటు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాచారం కమ్యూనిటీ హాల్లో నీకిష్టమైన ఇటలీ దర్శకుడి సినిమా వేశాం. ముందు ఆయన జీవితం నేనే చెప్పాను. దర్జీ కొడుకనీ, ఏళ్ల తరబడి అసిస్టెంటుగా ఉన్నాడనీ, మొదటి సినిమా ఎవరూ చూడకపోతే రెండోది మిల్లు కార్మికులతోనే తీశాడనీ.

నువ్వైతే ఆ భాష రాకపోయినా తెర పక్కన నిలబడి, మీ ఫ్యాక్టరీ వాళ్లకు మాటలన్నీ తెలుగులో చెప్పేవాడివి. నేను తెలుగు సబ్‌టైటిల్స్ వేయించాను. చివర్లో కార్మికుడు మేస్త్రీతో "రేపొస్తాను" అన్నాడు, అంతే.

హాలంతా మీ ఫ్యాక్టరీ వాళ్లే. నీతో షిఫ్టు చేసిన యాదగిరి మామ లేచాడు.

"గిది తప్పు బిడ్డా. 'పేరు పెట్టి పిలువు, అప్పుడొస్త' అంటడు గాయన. మీ నాయన గట్లనే చెప్పిండు. మా సూపర్‌వైజర్ నన్ను 'ఒరేయ్' అంటే నేను గదే మాటన్న. మళ్ల అనలే."

ఆ మాట సినిమాలో లేదు నాన్నా, నువ్వు పెట్టిందే. నేనా సంగతి చెప్పలేదు. సబ్‌టైటిల్స్ తీసేసి, ఆ సీను మళ్లీ వేయించి, నీ చోట నిలబడ్డాను.

నేను నోరు తెరిచేలోపే హాలంతా ఆ మాట అనేసింది.

నీ సునీత