అలల బెల్లు

ఆళ్ళగడ్డ,
సోమవారం, పొద్దున.

ప్రియమైన ప్రేమకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను, ఎలిజబెత్, నువ్వు నాకు అప్పజెప్పి పోయిన కోళ్ళు, అందరం క్షేమం. వేలూరు ఆసుపత్రిలో నువ్వూ మీ అమ్మా క్షేమంగా ఉన్నారని, అత్త తుంటి ఎముక అతుక్కుని గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేస్తోందని తలుస్తున్నాను. నిన్న గుడిలో పాస్టరుగారు అత్త పేరు చెప్పి ప్రార్థన చేశారు. ఆ మాట ఆమెకు చెప్పు, సంతోషిస్తుంది.

ఏసయ్యన్న కంటి పరీక్షకని ఈ మధ్యాహ్నం వేలూరు బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని నువ్వు అడగవు. కోపమొచ్చే సంగతి ఏదైనా కాగితం మీదే చెప్పుకోవాలని పెళ్ళైన కొత్తలో మనమే కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోనులో నువ్వు మొదలుపెడితే నాకు మాట దొరకదు. కాగితం మీదైతే నువ్వు అడ్డం పడలేవు. కాబట్టి కవరు చూడగానే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఆ అనుమానం నిజమే. ఈ రోజు సెలవులు అయిపోయి ఎలిజబెత్ కాలేజీ తెరిచే రోజు. సాయంత్రంలోగా నంద్యాలలో హాస్టలు గేటు లోపల ఉండాలి, లేకుంటే సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని వాళ్ళు ముందే చెప్పారు. ఆ సంగతికి వస్తాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాయనీ.

అన్నం సరిగా తింటోందా అని అడిగావు. తింటోంది, కానీ ఎట్లా తింటోందో చూస్తే నీకూ నచ్చదు. నేను రెండో ముద్ద కలిపేలోగా తను తినేసి, పళ్ళెం కడిగి బోర్లించి, పుస్తకం ముందు కూర్చుంటుంది. వెనకనుంచి ఎవరో తరుముతున్నట్లుంటుంది. ఒకరోజు అడిగాను, రుచి తెలుస్తోందా అని. "ఏం కూర నాయనా ఇది?" అంది. తినడం అయిపోయాక.

తలకు నూనె పెడుతున్నావా అన్నావు. పెడుతున్నాను, జడ వేయడం మాత్రం నాకు చేతకాదు. పనికి పోతున్నావా అన్నావు. గోస్పాడులో ఒక కొత్త ఇంటికి బండలు పరచాలి, బేతంచెర్ల నుంచి లోడు వచ్చింది, ఇసుకే రాలేదు. ఇసుక వచ్చేదాకా నేను ఖాళీ. నేను ఖాళీగా ఉంటే ఏమవుతుందో నీకు తెలుసు. నిన్న మంచిగా ఉన్న కొళాయి విప్పి, ఇప్పుడు కారేట్లు చేశాను.

ఒక్క నిమిషం లేచి వాకిట్లోకి పోయి వచ్చాను. నంద్యాల బస్సు పోయింది. సగం ఖాళీగానే ఉంది.

ఇక సెలవుల్లో మేము పోయిన పార్కుల సంగతి. ఇదే నువ్వు ఎక్కువ అడిగావు. ఫోటోల్లో పాప నవ్వుతోంది కదా, బాగా ఆడుకున్నట్లుందే అన్నావు. నువ్వు చెప్పి పంపిన ప్లాను నాకు గుర్తుంది. ఒకరోజు హైదరాబాదు దగ్గరి పెద్ద పార్కు, ఏ పూట ఏది ఎక్కాలో దాంతో సహా, మర్నాడు ఇంటికి వచ్చి మళ్ళీ చదువు. నిజం చెప్తున్నాను, ఆ ప్లాను కర్నూలు కూడా దాటలేదు. బస్సులో అంతసేపు కూర్చోవడం నావల్ల కాలేదు. కర్నూలు బయట ఎవరో కొత్తగా నీళ్ళ పార్కు పెట్టినట్లు దారి పొడవునా బోర్డులు కనిపించాయి. "దిగుదామా పాపా?" అన్నాను. "ప్లానులో ల్యా కదా నాయనా," అంది. "ల్యాకుంటే ఏందే, సెలవులు మనవి," అని చెయ్యి పట్టుకుని దింపేశాను.

చిన్న పార్కు. రెండు జారుడు బల్లలు, ఒక మడుగు, మొక్కజొన్న కంకులు కాల్చే బండి. ఎంత చిన్నదైనా పిల్లలు అరిచి గోల చేస్తున్నారు. మన పిల్ల ఒక జారుడు బల్ల ఎక్కి జారి, నీళ్ళలోంచి లేచి, నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. "అయిపోయింది నాయనా. ఇంగేం చేయాల?" అంది. నీ ఇష్టం అన్నాను. ప్రేమా, ఆ మాటకు దాని మొహం ఎట్లా అయిందంటే, చదవని పాఠంలోంచి ప్రశ్న అడిగినట్లయింది. అటు చూసింది, ఇటు చూసింది. "నువ్వే చెప్పు నాయనా," అంది. నేనే చెప్పాను, ఇంకోసారి జారమని. జారి వచ్చి మళ్ళీ నిలబడింది.

కాసేపటికి కంకి కొరుకుతూ నేను గట్టు మీద కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి, చేతులు కట్టుకుని, చిటికెన వేలు పైకెత్తి చూపించింది. ఏందో నాకు అర్థం కాలేదు. వేలికి దెబ్బ తగిలిందేమో అనుకుని పట్టుకుని చూశాను. సిగ్గుపడి, "బాత్రూముకు నాయనా," అని మెల్లగా అంది. పదిహేడేళ్ళ పిల్ల, ఆరుబయట, కన్న తండ్రిని, పోనా అని అడుగుతోంది. పో అన్నాను. పోయింది. నేను కంకి పక్కన పారేశాను, మళ్ళీ తినబుద్ధి కాలేదు.

అక్కడ హాస్టల్లో అట్లాగే ఉంటుందట. స్టడీ అవర్లో లేవాలంటే వేలు చూపించాలి. వార్డెనమ్మ తల ఊపితే పోవాలి. ఊపకపోతే కూర్చోవాలి. ఎవరి మీదా చాడీలు చెప్పే పిల్ల కాదని నీకు తెలుసు. ఇది కూడా నేను అడిగి అడిగి రాబట్టింది. "అందరికీ అంతే నాయనా," అని ముగించేసింది.

ఆ రాత్రి హైదరాబాదులో మీ అన్న ఇంట్లో పడుకుని, మర్నాడు పెద్ద పార్కుకు పోయాం. నేను ఆ రోజు పట్టుదల మీదున్నాను. ఈ పిల్లకు ఏం నచ్చుతుందో కనుక్కోకుండా ఇంటికి రాకూడదనుకున్నాను. రంగులరాట్నం దగ్గరికి లాక్కుపోయాను, అది నచ్చలేదేమోనని పడవ ఊయల దగ్గరికి, అక్కడ వరుస పెద్దదిగా ఉంటే రైలు దగ్గరికి. నా తిరుగుడుకు నాకే కళ్ళు తిరిగాయి. అది మాత్రం నేను ఎక్కమన్నది ఎక్కింది, దిగమంటే దిగింది. ఫోటో తీస్తానంటే నవ్వింది. నువ్వు చూసిన నవ్వులు అవే. నేను నవ్వమన్నప్పుడు నవ్వినవి.

మధ్యాహ్నం అలల మడుగుకు పోయాం. సముద్రం మాదిరి అలలు వస్తాయి, కాకపోతే ఎప్పుడూ రావు. వచ్చే ముందు పెద్దగా ఒక బూర మోగిస్తారు. అది మోగితే చాలు, గట్టు మీద కూర్చున్నవాళ్ళంతా కేకలేస్తూ నీళ్ళలోకి ఉరుకుతారు. ఎలిజబెత్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పక్కనున్న పసిబిడ్డ మీద నీళ్ళు చిలకరిస్తోంది. దాని మొహంలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడు బూర మోగింది.

జనమంతా నీళ్ళలోకి పరిగెత్తుతున్నారు. మన పిల్ల ఒక్కతే వాళ్ళకు ఎదురుగా బయటికి పరిగెత్తింది. నేను చూస్తూనే ఉన్నాను. గట్టెక్కింది, చెప్పులు వెతుక్కుని వేసుకుంది, జడ పిండుకుంది, పోయి గోడ పక్కన నిటారుగా నిలబడింది. ముందు ఎవరో ఉన్నట్లు చెయ్యి చాచి దూరం కూడా చూసుకుంది. ముందు ఎవరూ లేరు. అక్కడ ఒకామె, బేతంచెర్ల మనిషట, నవ్వుతూ, "ఏమ్మా, అందురూ లోపలికి పోతాంటే నువ్వు బయటికి వచ్చినావే. బయమా?" అంది. నేను పోయి భుజం పట్టుకుని, "ఏందే పాపా, ఈడ నిలబడినావు?" అన్నాను.

"బెల్లు కొట్టినారు కద నాయనా," అంది.

అన్నాక అది హాస్టలు బెల్లు కాదని తనకే తెలిసింది. మడుగు వైపు చూసింది, ఎగిరే జనాన్ని చూసింది, నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను, ఆ బేతంచెర్ల ఆమె కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ పాప కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అప్పుడు గానీ అది నవ్వు కాదని నాకు తెలియలేదు. నేను దాన్ని పట్టుకుని గోడ పక్కనే నిలబడ్డాను. అలలు ఆగిపోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఒక మాట అంది. "బెల్లు ల్యాకుంటే ఏం చేయాల్నో నాకు తెలీడం ల్యా నాయనా." నంద్యాల బస్టాండులో దిగి మహానంది అరటిపండ్లు కొన్నాను. అక్కడినుంచి ఆళ్ళగడ్డ దాకా ఇద్దరం తింటూ వచ్చాం, అంతే.

ఇంకో బస్సు పోయింది. దీంట్లో నిలబడే చోటు కూడా లేదు. పెట్టెలు, పరుపు చుట్టలు. అందరూ ఆ కాలేజీ పిల్లలే.

ఇప్పుడు అసలు సంగతి చెప్తున్నాను. ఎలిజబెత్ ఇంకా నిద్రపోతోంది. తొలి బస్సుకు పోవాలని రాత్రే ట్రంకుపెట్టె సర్ది, గుమ్మం దగ్గర పెట్టి, "నాయనా, నిద్ర పోతానేమో, నువ్వు లేపు," అని చెప్పి పడుకుంది. సరే అన్నాను. లేపలేదు. ఈ సెలవుల్లో ఒక్కరోజు కూడా ఎవరూ లేపక్కర్లేకుండా, చీకటి ఉండగానే లేచి గోడవైపు తిరిగి పుస్తకం పట్టుకునేది. ఈ రోజే లేవలేదు. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం మీదనుంచి వేలాడేసి, చిన్నప్పుడు పడుకున్నట్లే పడుకుంది. మాట ఇచ్చాను కదా అని పదేపదే మంచం దాకా పోతున్నాను. చెయ్యి చాపుతున్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. చేతులు ఖాళీగా ఉంటే లేపేస్తానని భయం వేసి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఫోను ఆపేసి పెట్టాను. నువ్వు పొద్దుటినుంచి చేస్తూనే ఉంటావు, బస్సెక్కించావా అని అడగడానికి. నువ్వు అడిగితే నేను అబద్ధం చెప్పలేను. నువ్వు పంపమంటే పంపకుండా ఉండలేను. ఈ ఉత్తరం నీకు అందేసరికి సీటు ఉండదు. నీతో ఒక్క మాట అనకుండా ఇంత పని చేశాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

నీ కోరిక తప్పని నేను అనను. నా వెంట రావడానికి నువ్వు ఇంటర్ మధ్యలో మానేశావు. ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకున్న ఆడపిల్లల్ని చూసినప్పుడల్లా మన పాపను అట్లా ఊహించుకుంటున్నానని కిందటి ఉత్తరంలో రాశావు. ఆ ముక్క నేను చాలాసార్లు చదివాను. పాప చదవదని కాదు. మార్కులు బాగానే ఉన్నాయి, "ఈ అమ్మాయికి ఒక్కసారి చెబితే చాలు," అని వార్డెనమ్మ మెచ్చుకుంది కూడా. అప్పుడు మనిద్దరం ఎంత మురిసిపోయాం. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటేనే నాకు భయమేస్తోంది. నిన్న సాయంత్రం మిద్దె మీద అడిగాను, నీకు పోవాలనుందా అని. "అమ్మ పొమ్మంటే పోతా. నువ్వు పొమ్మన్నా పోతా," అంది. నీకెట్లుంది అంటే, తెలీదంది.

ప్రతిదానికీ బండల సంగతే తెస్తానని వెక్కిరిస్తావు, అయినా చెప్తాను. బండకూ బండకూ నడుమ సన్నటి సందు వదులుతాం. సందు లేకుండా బిగిస్తే ఆ రోజుకు అద్దం మాదిరి ఉంటుంది, మెచ్చుకుంటారు. ఎండాకాలం రాగానే లేచి పగులుతుంది. చదువు ఆళ్ళగడ్డ సర్కారు కాలేజీలోనూ ఉంది. ఇంట్లోంచి పోయి వస్తుంది, డాక్టరు అవుతుందో ఇంకేమవుతుందో తను చెప్పనీ. నువ్వు వచ్చాక ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. ఒకవేళ లేచి, తనంతట తాను పోతానంటే మాత్రం మధ్యాహ్నం బస్సులో నేనే దిగబెట్టి వస్తాను. ఒట్టు.

ఇంతవరకు రాసి ఆపాను. అది లేచింది.

కాసేపు మంచం మీద కూర్చుని తల గోక్కుంది. గోడ మీది ఎండ చూసి, "టైమెంత నాయనా?" అంది. పొద్దెక్కింది అన్నాను. "బస్సు?" అంది. "పోయింది. ఆ యెనక ఇంకొకటీ పోయింది. నేనే లేపలేదు," అన్నాను. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, జడైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తుతుందనుకున్నాను. అదేమీ కాదు, లేచి దొడ్డి వైపు నడిచింది. గుమ్మం దగ్గర కాలికి ట్రంకుపెట్టె తగిలింది.

"అబ్బా. ఇది ఈడెందుకు నాయనా, అడ్డం. లోపల పెట్టు," అంది.

అని, నన్ను దాటుకుని బాత్రూములోకి పోయి గడియ వేసుకుంది. వేలు చూపించలేదు, ప్రేమా. నా వైపు కూడా చూడలేదు. కన్నకూతురు తన ఇంట్లో తను బాత్రూముకు పోతే నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నవ్వుకుంటే నవ్వుకో. పెట్టె లోపల పెట్టి వచ్చి ఈ ముక్క రాస్తున్నాను.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా కూర్చున్న
నీ భర్త,
క్రాంతి కుమార్