పిల్లోడికి ప్రీనింగంట!

పరగోడు, సోమవారం

శంకరనారాయణ మేష్ట్రుకి నరసింహప్ప చేతులెత్తి మొక్కి రాసేది.

నిన్న మా పాప రూప పెళ్ళిచూపులయ్యె. పిల్లోడు మంచేనహళ్ళి సునీల్‌కుమారు, పశువుల డాక్టరు. బుధవారానికల్లా వాళ్ళకు మాట చెప్పాల. పాప మనసేందో తెలీలే. దాని ఫోను తెరిచి చూస్తే (తప్పే, తిట్టొద్దండి) మీ మనవరాలు దీక్షకు రాసిండాది: "నిన్నంతా ఒకటే ప్రీనింగ్. తల యాడ పెట్టుకోవాల్నో తెలీలే." ఈ ప్రీనింగంటే ఏం రోగం సామీ? పాపనడిగితే ఫోను చూసింది బయటపడతాది. మీరు ఫోను చేస్తే ఇంట్లో అందరూ వింటారు. బస్సు కండక్టరు నంజప్ప చేతికే జాబియ్యండి.

మీ నరసింహప్ప

తా.క.: మంచి మాటైతే పెద్దక్షరాలతో రాయండి. చెడ్డదైనా పెద్దగానే రాయండి, నా కళ్ళజోడు పగిలింది.

చింతామణి, మంగళవారం ఉదయం

చిరంజీవి నరసింహప్పకు ఆశీస్సులు.

నలభై ఏళ్ళ పాఠాల్లో పుట్టుక చెప్పకుండా నేనే మాటకూ అర్థం చెప్పలేదు. ఇది పక్షులకు వాడే మాట. పక్షి తన తోక మొదట్లో ఊరే నూనెను ముక్కుతో తీసి ఈకలకు పూసుకుంటుంది. నూనె రాయడమనే పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిందంటారు. గుచ్చడమనే పాత ఇంగ్లీషు మాట కూడా ఇందులో కలిసిందట. ఇక మనుషుల విషయానికొస్తే... నంజప్ప విజిల్ వేస్తున్నాడు. మిగతాది రేపటి బస్సుకు.

ఇట్లు, శంకరనారాయణ

తా.క.: కంగారుపడకు. ఇది చాలామందికి ఉంటుంది. వయసుతో ముదురుతుంది.

పరగోడు, మంగళవారం సాయంత్రం

మేష్ట్రుకి, బెదిరిపోయిన నరసింహప్ప.

తోకలో నూనె! పైగా గుచ్చేది! మా పాలేరు ముత్యాలప్పను మంచేనహళ్ళికి పంపిస్తే, పిల్లోడి సంచీ నిండా సూదులే అని, మోచేతి దాకా నూనె పూసుకొని ఆవు తోక కాడ నిలబడుండాడని చూసొచ్చి చెప్పె. ఇంగేం సాక్ష్యం కావాల? ఫోన్లోనే "మాకొద్దు" అని చెప్పేస్తి. అప్పట్నుంచి రూప గడియేసుకొని ఏడుస్తాంది. అన్నం ముట్టలే. నా బిడ్డను కాపాడినానా, గొంతు కోసినానా సామీ?

దిక్కుతోచని నరసింహప్ప

తా.క.: ఈసారి పుట్టుకొద్దు. అర్థం ముందు రాయండి.

చింతామణి, బుధవారం

తొందరపాటు మనిషీ,

అర్థం: అద్దం ముందు సింగారించుకుంటూ తనను తాను చూసుకుని మురిసిపోవడం. అంతే! ఆవు దగ్గర సూదీ నూనే ఆ అబ్బాయి ఉద్యోగం. దీక్షను గట్టిగా నిలదీశాను. రూప రాసింది అబ్బాయి గురించి కాదు, నీ గురించి. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి అరగంట బీరువా అద్దం వదలకుండా మీసం మెలేశావట. ఆ పిల్లకు అబ్బాయి నచ్చాడు. ఉన్నవాడివి ఉన్నట్టే మంచేనహళ్ళి వెళ్ళు.

తప్పులో సగం నాదే, శంకరనారాయణ

తా.క.: నిజంగానే ఉన్నట్టే వెళ్ళు. దువ్వెన ముట్టావో, నేనే వస్తాను.

పరగోడు, గురువారం

మేష్ట్రుకి సిగ్గుతో నరసింహప్ప.

మడిలో నుంచి అట్లే పోతి, బురద కాళ్ళు, రేగిన మీసం. పిల్లోడి తల్లి మునిలక్ష్మమ్మ నన్ను గుర్తుపట్టలే. ఆవుకు మందుకొచ్చినానేమో అనుకొని కాఫీ ఇచ్చె. మాది పరగోడు అంటానే ఆయమ్మ కండ్లనీళ్ళు పెట్టుకొనె. "మీ ఊరి పాపను మావాడు మరవలేకుండాడప్పా. వాళ్ళ నాయన మీసాల దొర. ఆయనొచ్చి ఒక్క మాటంటే ఇప్పుడైనా ఒప్పుకుంటాము. ఆయన యాడొస్తాడు?" అనె. కాఫీ లోటా కింద పెడితి. "వచ్చినాడమ్మా, నీ ముందరే కూచోనుండాడు" అంటి.

రేపే తాంబూలాలు. మీరు తప్పకుండా రావాల.

మీ నరసింహప్ప

తా.క.: రేపు తల దువ్వుకోకుండా పోతే ఆయమ్మ మళ్ళా గుర్తుపట్టదేమో, అదొకటే దిగులు.