గోడకెక్కే జెర్సీ

గ్రాన్యా అక్కా,

ఊళ్ళు పట్టుకు తిరిగి ఎన్ని క్లబ్బులకు రగ్బీ ఆడినా, మన ఊరి క్లబ్బు గోడకు కావలసింది నా ఐర్లండు జెర్సీ ఒక్కటేనట. "ఉతక్కుండానే పంపించరా, గోడమీద జెర్సీకి బురదే అందం" అన్నాడు ఫింటన్ బాబాయి. ఉతకడానికి దానికేం అంటింది గనక? దేశం తరఫున పిలిచిన ఆ ఒక్కసారీ ఆట అయ్యేదాకా నన్ను బెంచీ మీదే కూర్చోబెట్టారు.

జెర్సీ ఈ పార్సెల్లోనే ఉంది. మన పొలం గేటు దగ్గరి బురద భుజాలకు బాగా పట్టించి బాబాయికి ఇవ్వు. వీపుకు అంటనీయకు, వెల్లకిలా పడ్డాననుకుంటారు. అమ్మ కంట మాత్రం పడనీయకు, ఉతికి ఆరేస్తుంది. ఆ రోజు స్టేడియంలో పక్కవాళ్ళందరికీ గొప్పగా చెప్పిందామె: "చూడండి, అంతమందిలో బట్టలు మాపుకోనిది మావాడొక్కడే."

నీ తమ్ముడు