నాన్న పళ్ళెంలో ఉప్పుచేప

గింతాస్,

క్రిస్మస్ అయినా ఆస్పత్రిలో నాకు డ్యూటీ ఉంది, వెళ్తున్నాను. అమ్మకి భోజనం పెట్టేముందు రైనియుస్‌ని కొట్టంలో పెట్టి గడియ వెయ్యి. లేకపోతే ఆ పిల్లి మళ్ళీ బల్లెక్కి అందరి పళ్ళాల్లోనూ మూతి పెడుతుంది. తోలితే దిగదు సరికదా, గుర్రుమంటుంది.

పండగ ముందు రాత్రి ఆనవాయితీగా నాన్న ఆత్మ కోసం బల్ల మీద వదిలిన పళ్ళెం పొద్దున ఖాళీగా ఉంది. అమ్మ చూసి, "మీ నాన్న వచ్చి తిని వెళ్ళారే. ఉప్పుచేపంటే ఆయనకి ప్రాణం కదా" అంది. నాన్న పోయాక మొదటిసారి తనూ అడిగి పెట్టించుకుని తింది. అది పిల్లి పనే అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నువ్వు కూడా అమ్మ ముందు దాన్ని తిట్టకు.

అక్క

ఇంకో మాట. ఇప్పుడు కొట్టంలో ఉన్న దాని గిన్నెలో పాలు పోద్దామని వెళ్తే రైనియుస్ లోపలే ఉంది. రాత్రి భోజనాలప్పుడు నేనే పెట్టి మరిచిపోయాను. వేసిన గడియ వేసినట్టే ఉంది. మరి తిన్నదెవరో నాకు అర్థం కావడం లేదు. నువ్వేనా? నువ్వే అయితే అమ్మకే కాదు, నాకు కూడా చెప్పకు.