రబ్బరు మెత్త

హనుమకొండ చౌరస్తా,
11 ఫిబ్రవరి 1946, సోమవారం.

పెద్దలు రాంచందరన్న గారికి,

తమ్ముడు కరీముద్దీన్ సలాములు చేసి రాసుకునేది. అల్లా దయవల్ల ఇక్కడ మేం నడుస్తున్నాం. నడుస్తున్నాం అంటే ఇంకా పడిపోలేదని అర్థం. అక్బరీకి మోకాళ్ళ నొప్పులు, నాకు దగ్గు. ములుగులో మీరూ, కళావతి వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదినను మరీ మరీ అడిగినట్టు రాయమని అక్బరీ రెండుసార్లు చెప్పింది.

మీ ఉత్తరం చేరి పన్నెండు రోజులైంది. జవాబు రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు తుప్పు పట్టిన తుపాకి తెచ్చి ముందు పెట్టారని చెప్పుకోవచ్చు గానీ, అది సగమే నిజం. అలసిపోయానన్నా. నలభై ఏళ్ళుగా పరాయివాళ్ళ తుపాకులు తుడుస్తూనే ఉన్నాను. ఇప్పుడు గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూస్తే రెండో కంటికి నిద్ర వస్తున్నది.

అరవై ఏడేళ్ళ భుజం ఓర్చుకునే, ఎక్కువగా తన్నని రైఫిలు ఏదైనా చూడమని రాశారు. రేంజరుగా ఉన్నన్నాళ్ళూ మీరు ఇట్లాంటి మాట అనలేదు. బండి మీంచి పడి భుజం ఎముక విరిగినప్పుడు, దవాఖానలో కట్టు విప్పిన వారానికే ఆ ఐదువందల బోరు దయ్యాన్ని మళ్ళీ ఎత్తుకున్న మనిషి మీరు. సరే, అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముసలివాళ్ళంతా ముందుగా చేసే పొరపాటే మీరూ చేశారు. చేతికి తేలికగా ఉండే తుపాకి కావాలన్నారు. తేలిక తుపాకే ఎక్కువ తంతుంది. ఒకే తూటా బరువు తుపాకిలో పేలితే దెబ్బలో కొంత ఆ బరువే మింగేస్తుంది, తేలిక దానిలో పేలితే అంతా మీ భుజానికే వస్తుంది. బరువు మోయడానికి ములుగు అడవిలో మనిషి దొరుకుతాడు. తన్ను మోయడానికి ఎవరూ దొరకరు.

కాబట్టి తగ్గించాల్సింది తుపాకి బరువు కాదు, తూటా. కాజీపేట రైల్వే దొర ఒకాయన సామాను కట్టుకుని తన దేశానికి వెళ్ళిపోతున్నాడు. ఆయన 275 బోరు రైఫిలు నా దగ్గరికి అమ్మకానికి వచ్చింది. సన్న గుండు, కొద్ది మందు, సూటి పరుగు. చిరుతకూ, పందికీ చాలు. అడవిదున్న మీదికి పోనని మాత్రం నాకు ఒట్టు వేయండి. నేను అయిదు తూటాలు కాల్చి చూశాను. మీ పాత తుపాకిది మొదట్లో గాడిద తన్ను అయితే, ఇది పసిపిల్ల తోసినంత.

భుజానికి ఆనే చెక్క కుందాను అరంగుళం కోస్తాను. వయసు మళ్ళాక మెడ అంత ముందుకు సాగదు, పైగా చలికాలం కోటు ఒకటి ఉంటుంది. మీ మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా కొలత నాకు నోటికి వచ్చు. రోజుకు ఐదు తూటాలకు మించి కాల్చకండి. తంతుందని భయపడి వదులుగా పట్టుకోకండి. వదులుగా పట్టుకున్న తుపాకి పగబట్టినట్టు తంతుంది.

పాతదానికి ఉన్నట్టే దీనికీ రబ్బరు మెత్త వేయమన్నారు. వేస్తాను. లారీ టైరు ముక్క కోసి కుందాకు బిగించిన ఆ మెత్తను మీరు మెచ్చుకున్నంతగా నా పనిని ఎవరూ మెచ్చుకోలేదు. "కరీము రబ్బరు పెట్టినంక తుపాకి తన్నుడే బందువెట్టింది" అని మీరు ఊరూరా చెబితే, నర్సంపేట సావుకారు పరుగున వచ్చి తన తుపాకికీ వేయించుకున్నాడు. వారం తిరగకుండా మళ్ళీ వచ్చి, "నీ రబ్బరు నా తుపాకిల ఎందుకు పనిజేస్తలేదు, రాంచందర్ రేంజర్‌కు ఒక తీరు, నాకొక తీరా" అని దుకాణం ముందు నిలదీశాడు. నేను టీ తెప్పించి పంపేశాను.

ఇక మీరు ఉత్తరం చివర రాసిన సంగతి. దాని మీద రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

నిరుడు చలికాలం పంది మీద, మొన్న కార్తీకంలో చిరుత మీద, రెండుసార్లూ వంద అంగల దూరం నుంచి కొట్టారు. రెండుసార్లూ గుండు జానెడు కిందికి పోయిందని రాశారు. చిరుతకు ముందు కాలు విరిగింది. దాని జాడ తీస్తూ ముందు నడిచిన యాకయ్య మీద అది దూకింది, అతని ఎడమ చేయి ఇక పనికి రాకుండా పోయింది. "మీదేం తప్పులేదయ్యా, నా నసీబు గిట్లున్నది" అని అతను అన్నాడనీ, ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదనీ, మూడు నెలలుగా బజారుకు పోలేదనీ రాశారు. కన్ను పోయింది, చేయి పోయింది, నా తలబిరుసు ఇంకొకడి చేతిని తిన్నది అని రాశారు. ఆ కుంటి చిరుత ఇప్పుడు గూడెంలోకి వచ్చి మేకలను ఎత్తుకుపోతున్నదనీ, రేపు పసిపిల్లలను ఎత్తుకుపోతే ఆ పాపం కూడా మీదేననీ రాశారు. అందుకే ఈ పున్నమికి మంచె ఎక్కుతానని, రైఫిలు అందకపోతే పాత ఐదువందల బోరుతోనే, మిగిలిన ఏడు తూటాలతోనే ఎక్కుతానని, అది చచ్చినా మీరు చచ్చినా లైసెన్సు మాత్రం తహసీలులో అప్పజెబుతానని రాశారు.

అన్నా, ఎక్కకండి. కొత్త రైఫిలు మీ లైసెన్సులో ఎక్కించడానికి కచేరీలో కనీసం పది రోజులు పడుతుంది. అంతవరకు ఆగండి. ఆ ఏడు తూటాలు లడాయి రోజుల్లో కట్టినవి, చెమ్మ పట్టి ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు, బావిలో పారేయండి.

పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో తెలియదు. అందుకే దీన్ని ములుగు బస్సు డ్రైవరు భాస్కర్ చేతికి ఇస్తున్నాను, రేపు మీ చేతిలోనే పెట్టమని చెప్పాను. మీ ఆరోగ్యం కోరుతూ సెలవు తీసుకుంటాను.

మీ తమ్ముడు,
కరీముద్దీన్

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మళ్ళీ బయటికి తీశాను. తూటాలకు చెమ్మ పట్టిందని పైన రాసింది అబద్ధం. బావిలో పారేయకండి. ఒకటి విప్పి చూడండి. ఇత్తడి డొల్లలో ఉండాల్సిన మందులో మూడోవంతు ఉండదు. ఆ ఖాళీ తెలియకుండా నేను ఉన్ని బిళ్ళలు కూరాను.

లడాయిలో విలాయతి తూటాలు రావడం బందయ్యాక మీ పాత డొల్లలన్నీ నేనే నింపి ఇచ్చాను కదా. మీ భుజం విరిగిన ఏడాది వదిన మా ఇంటికి వచ్చి "గా తుపాకి ఈయనను మింగుతది తమ్మీ" అని ఏడ్చింది. మందు తగ్గించమని ఆమే అడిగిందని రాద్దామనుకున్నాను. ఆమె అడగలేదు, ఏడ్చింది, అంతే. తగ్గించింది నేను. ఒక్కసారిగా తగ్గిస్తే మీకు తెలిసిపోతుందని ప్రతి విడతలో చిటికెడు చిటికెడు తగ్గించాను. రబ్బరు మెత్త వేసింది మీ అనుమానం దాని మీదికి పోవాలనే. ఇక ఆ తుపాకి వద్దన్నా అని మొహం మీద చెబితే మీరు వేటే మానేస్తారని, మానేస్తే నా దుకాణంలో కూర్చుని టీ తాగే మనిషి ఎవరూ మిగలరని భయపడ్డాను. నా భయం అంత చిన్నది, దాని పర్యవసానం ఇంత పెద్దది.

చేయి వణికితే గుండు ఒకసారి పక్కకు పోతుంది, ఒకసారి పైకి పోతుంది. రెండుసార్లూ నిలువునా జానెడు కిందికే పోయిందంటే కన్ను తప్పలేదు, చేయి తప్పలేదు. నా మందు చాలలేదు. మీ ఉత్తరంలో ఆ జానెడు అన్న మాట చదవగానే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను.

గురువారం బస్సుకు, పున్నమికి ముందే, నేను వస్తున్నాను. మీ పాత తుపాకికి సరైన మందు పోసి కట్టిన ఆరు తూటాలు తెస్తాను. భుజం తట్టుకుంటే ఆగనవసరం లేదు, కొట్టండి. మీ గడప తొక్కనిస్తారో లేదో మీ ఇష్టం. బస్సు దిగగానే ముందు యాకయ్య ఇంటికే పోతాను. ఈ సంగతి మీరు అతనికి చెప్పకండి, నేనే చెప్పుకోవాలి.