తొలి అడుగుల రొట్టె

చిట్టితల్లీ రుమ్యానా,

నీకూ అల్లుడు వాస్కోకూ అమ్మ దీవెనలు. ఇక్కడ నేను కులాసా, మేకలు కులాసా, కిటికీలో పెట్టిన మిరపనారు కులాసా. మనవడు కమెన్‌ని మాత్రం ఆ వరుసలో చేర్చలేకపోతున్నాను. కంగారుపడకు, జ్వరం గిరం ఏమీ లేదు, నవ్వుతూ ఇల్లంతా పీకి పందిరేస్తున్నాడు. వాడి ఎడమకాలి సంగతి రాయాలి. ఒక్క గుక్కలో చెప్పే ధైర్యం లేదు, కాస్త ఓపికపట్టి చదువు.

ముందు నువ్వడిగినవి. పళ్ళు ఎనిమిది వచ్చాయి. పెరుగు గిన్నెడు తాగుతాడు, ఆకుకూర చూస్తే మూతి తిప్పుకుంటాడు, అది మీ ఆయన పోలిక. "అమ్మ ఏదిరా?" అంటే గోడమీది ఫోటో వైపు వేలు చూపిస్తాడు. మొన్న ఉత్తరాలు తెచ్చే అమ్మాయిని కూడా "అమ్మా" అన్నాడు. ఇది రాయకూడదనుకున్నాను గానీ, ఈసారికి దాపరికాలు వద్దనుకున్నాను. రష్యాలో ఆ కోమీ అడవిలో, చెట్లు కొట్టేవాళ్ళకి వండి వండి నీ చేతులు పగిలాయని రాశావు. బాతుకొవ్వు పూసుకుని పడుకో. మందులకొట్టు సరుకు నమ్మకు.

పోయిన వారం కమెన్ నడిచాడు. పొయ్యి దగ్గర్నుంచి తలుపుదాకా, ఎవరూ పట్టుకోకుండానే. నేను ఏడ్చాను, నువ్వు లేవని ఏడ్చాను. వెంటనే పిండి కలిపి తొలి అడుగుల రొట్టె కాల్చాను. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. గడప నుంచి తెల్లబట్ట పరిచి, రొట్టె దొర్లించి, చివర కత్తెర, కలం, సుత్తి పెట్టాం. వాడు రొట్టె వెనకాలే పడుతూ లేస్తూ వెళ్ళి సుత్తి పట్టుకున్నాడు. అందరం తేనె రాసిన ముక్కలు పట్టుకుని ఆచారం ప్రకారం నడుస్తూ తింటున్నాం, వాడు మా వెనకాల వస్తున్నాడు. ఎదురింటి గెనా ఆగిపోయింది. దాని నోరు నీకు తెలియంది కాదు.

"అడుగడుక్కీ ఎడమపక్కకి ఒరుగుతున్నాడేమిటే స్తోయ్నా? అచ్చం రుమ్యానా నడకే."

"రుమ్యానా గడ్డి అటక మీంచి పడిందమ్మా, ఊరందరికీ తెలుసు" అన్నాను, ఎప్పటిలాగే.

"సరే పడింది. మరి వీడెక్కడ పడ్డాడు?"

నేను రొట్టెముక్క పక్కన పెట్టి వాణ్ణి ఎత్తుకున్నాను.

మర్నాడే బస్సెక్కి వాణ్ణి పట్నం తీసుకెళ్ళాను. డాక్టరు ఎముకల ఫోటో తీయించి చూపించాడు. తుంటి దగ్గర ఎముక ఉండాల్సిన గుంటలో లేదు, పైకి జారిపోయి ఉంది. ఆపరేషన్ చేసి, నడుము నుంచి పాదందాకా నెలల తరబడి పిండికట్టు వేయాలట. ఈ వేసవి దాటితే నడక ఎప్పటికీ సరికాదన్నాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"పసివాడప్పుడు కాళ్ళు చాపి బట్టతో బిగించి చుట్టేవారా?"

"చుట్టకపోతే కాళ్ళు వంకర పోవూ?"

"ఎవరు చెప్పారమ్మా మీకు? అలా కడితేనే తుంటి జారేది."

ఎవరు చెబుతారు, మా అత్త చెప్పింది, ఆవిడకి వాళ్ళత్త. నాలుగు నెలల పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి వెళ్తూ, స్టేషన్లో నువ్వేమన్నావో నాకు గుర్తుంది. "అమ్మా, కాళ్ళు కట్టకు, నర్సు మరీ మరీ చెప్పింది" అన్నావు. నేను తలూపాను. ఆ సాయంత్రమే కట్టాను. ఏడో నెలదాకా కట్టాను.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. డాక్టరు చివరగా "ఇంట్లో పుట్టుకతో ఇలా ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవయ్యేడేళ్ళ అలవాటు మరి. ఈసారి దాన్ని మింగేసి నిజం చెప్పాను.

నువ్వు అటక మీంచి పడలేదు తల్లీ. నువ్వసలు అటక ఎక్కనేలేదు. తప్పటడుగులు వేసిన నాటినుంచీ నీది అదే నడక. పుట్టుకతో వచ్చిందంటే రేపు ఈ పిల్లనెవరు చేసుకుంటారు, నా కడుపునే తిడతారని, నీకు నాలుగేళ్ళప్పుడు ఆ కథ అల్లాను. ఊరు నమ్మింది, నువ్వూ నమ్మావు. మీ నాన్న పోయేదాకా "దానికైనా చెప్పవే" అంటూనే ఉన్నాడు. చిన్నప్పుడు నిచ్చెన చూస్తే నువ్వు వణికేదానివి. జరగని దానికి నిన్ను భయపెట్టి పెంచాను.

కమెన్ పుట్టినప్పుడు ఆసుపత్రిలో "నీ కాలికేమైంది?" అని వాళ్ళు నిన్నడిగారు. "అటక మీంచి పడ్డాను" అన్నావు. నేను పక్కనే నీ సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. ఆరోజు నిజం తెలిసుంటే పిల్లాణ్ణి అప్పుడే ఫోటో తీసి చూసేవాళ్ళమని, కాళ్ళు ఎడంగా ఉంచే మెత్తటి పట్టీతోనే సరిపోయేదేమోనని డాక్టరు అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, కూర్చోమని కుర్చీ జరిపాడు.

నువ్వు నన్ను క్షమించాలని అడగటం లేదు. వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్తానంటే గుమ్మానికి అడ్డం పడను. కాకపోతే ముందు ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరంతోపాటు ఆసుపత్రి కాగితం పెట్టాను. తల్లి సంతకం లేనిదే పిల్లాడికి కత్తి పెట్టరట. ఉత్తరం రావడానికి మూడు వారాలు, పోవడానికి మూడు వారాలు, ఈలోగా వేసవి ఆగదు. కోపం తర్వాత పడు, సంతకం ముందు పెట్టు.

కాగితంలో తల్లి ఆరోగ్యం గురించి ఒక గడి ఉంది. అక్కడి రాత నాదే, కొంచెం వంకరగా వచ్చింది. "ఎడమకాలు, పుట్టుకతో" అని రాశాను. చదివి, దాని కిందనే నీ పేరు రాయి.

ఇట్లు,
నీ అమ్మ
స్తోయ్నా